తుక్కు పేరున దాటిపోయిన ఇంజను

పిల్లల కథలోని ఒక రైలింజనును గురించి ఈ పత్రికలో వ్యాసం రాయడమేమిటని కొందరు మిత్రులు నొసలు చిట్లించవచ్చు. మన విమర్శకులకు బాలసాహిత్యమంటే భోజనాల బంతిలో పిల్లలకు విడిగా వేసిన విస్తరి. వడ్డిస్తారు గాని, అందులో ఏమి వడ్డించారో ఎవరూ తొంగి చూడరు. నేనూ ఇన్నాళ్ళు ఆ కోవలోని దాన్నే. కాలేజీలో పాఠం చెప్పేటప్పుడు బాలసాహిత్యానికి కేటాయించిన రెండు పిరియడ్లనూ త్వరగా ముగించి, నవల దగ్గరికి పరుగెత్తేదాన్ని.

నా అభిప్రాయాన్ని మార్చింది మా అయిదేళ్ళ అమ్మాయి. టీవీలో థామస్ అనే నీలిరంగు ఇంజను బొమ్మలాట చూసి, ఆ పుస్తకాలు కావాలని పట్టుబట్టింది. తెచ్చి రాత్రుళ్ళు తెలుగులో చెబుతూ వచ్చాను. ఒకనాడు ఆలివర్ అనే చిన్న ఇంజను కథ వచ్చింది. ఆ కథలో ఇంజన్లను కోసి పారేస్తున్నారు. "వాడేం తప్పు చేశాడమ్మా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు కథలో లేదు, చరిత్రలో ఉంది. దానిని వెతుకుతూ పోతే, ఈ ఆలివర్ అనేవాడు ఇరవయ్యో శతాబ్దపు ఆంగ్ల బాలసాహిత్యంలో చాలా విచిత్రమైన పాత్ర అని తేలింది. థామస్ పేరు తెలియని పసివాడు అరుదు. ఆలివర్ పేరు తెలిసినవాళ్ళు కొద్దిమందే. చరిత్ర మాత్రం థామస్ పొగగొట్టంలో కంటె ఆలివర్ బొగ్గుపెట్టెలోనే ఎక్కువగా దాగి ఉంది.

ఈ కథలు రాసిన విల్బర్ట్ ఆడ్రి 1911లో పుట్టాడు. వృత్తిచేత క్రైస్తవ మతాచార్యుడు. చిన్నతనం కొంత బాక్స్ అనే ఊళ్ళో, గ్రేట్ వెస్టర్న్ రైలుమార్గం దాపున గడిచింది. రాత్రివేళ బరువు లాగుతూ ఎగువకు ఎక్కే ఇంజన్ల రొప్పు అతనికి మాటలుగా వినపడేదట. రెండో ప్రపంచయుద్ధ కాలంలో తాను యుద్ధవ్యతిరేకినని దాచుకోకుండా చెప్పి, ఒక చర్చి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ తరువాత బర్మింగ్‌హామ్ దగ్గర పనిచేస్తూ, తట్టుతో మంచం పట్టిన కొడుకు క్రిస్టఫర్‌కు కాలక్షేపంగా చెప్పిన కథలే 1945లో మొదటి పుస్తకమైనాయి. 1972 దాకా మొత్తం 26 పుస్తకాలు. జరిగే చోటు సోడర్ అనే కల్పిత ద్వీపం. ఆంగ్ల చర్చిలో 'సోడర్ అండ్ మాన్' అని ఒక మతమండలం ఉంది. అందులో మాన్ ద్వీపం ఉన్నది గాని, సోడర్ అనే ఊరూ వాడా ఏదీ లేదు. ఆ లేని చోటును ఆడ్రి తన ఇంజన్లకు ఇల్లు చేశాడు. లేని చోటునే ఎంచుకోవడం ఎంత అవసరపడిందో ముందు ముందు చూస్తాము.

ఈ ద్వీపానికి ప్రభువు ఒక లావుపాటి కంట్రోలరు దొర. నల్లకోటు, పొడుగుటోపీ. మొదటి రెండు పుస్తకాలలో అతడు కంట్రోలరు కాడు, డైరెక్టరు. 1948 జనవరి 1న బ్రిటన్‌లో రైల్వేలు జాతీయమైనాయి. ఆ ఏడాది వచ్చిన మూడో పుస్తకంలో డైరెక్టరు దొర కంట్రోలరు దొర అయ్యాడు. మనిషి అతడే, టోపీ అదే, ఇంజన్లను గద్దించే గొంతూ అదే. జాతీయం చేయడమంటే గదితలుపు మీది పేరుపలక మార్చడమేనా అన్న ప్రశ్నను ఆనాటి సోషలిస్టు పత్రికలు ఎన్ని పుటలలో చర్చించాయో గాని, ఈ పిల్లల పుస్తకం ఒక్క మాట మార్చి తేల్చేసింది. రచయిత దానిని విమర్శగా ఉద్దేశించి ఉండడు. కథ నడవడానికి తగిన సర్దుబాటుగానే చేసి ఉంటాడు. అయినా ఆ సర్దుబాటులో నిజం పడింది.

ఈ మాట ఎందుకు ఎత్తుతున్నానంటే, ఆడ్రి లోకదృష్టిలో అభ్యుదయం ఏమీ లేదు. దొర చెప్పినట్లు వినడం, పనికివచ్చే ఇంజను అనిపించుకోవడం, గర్వపడితే గోతిలో పడడం — ఇదే అతని నీతి. 1950లో వచ్చిన పుస్తకంలో పెద్ద ఇంజన్లు మూడు సమ్మె చేస్తాయి. ఎందుకు? జీతానికి కాదు, బొగ్గుకూ కాదు. పెట్టెలను తెచ్చి కూర్చే చిన్నపని మా హోదాకు తగదని. సమ్మె చేసేవాణ్ణి శ్రామికుడిగా కాక డాబుసరి జమీందారుగా చూపించడం పాత ఎత్తుగడే. దొర ఏం చేశాడు? ఆ మూడింటినీ షెడ్డులో వేసి తలుపులు మూయించాడు. మంచివాళ్ళనిపించుకున్న రెండు ఇంజన్లతో బళ్ళు నడిపించాడు. వాటికి తోడుగా బయటినుంచి పెర్సీ అనే కుర్ర ఇంజనును కొనుక్కొచ్చాడు. పెర్సీ అంటే పిల్లలకు ప్రాణం. సమ్మె విచ్ఛిన్నానికి తెచ్చిన కూలీగా వాడు ఆ ద్వీపంలో అడుగుపెట్టాడన్న సంగతి మనబోటివాళ్ళకు తప్ప ఎవరికీ పట్టదు.

పదేళ్ళు గడిచాయి. 1960 నాటి పుస్తకంలో స్కాట్లండు నుంచి డోనాల్డ్, డగ్లస్ అనే కవల ఇంజన్లు వస్తాయి. దొర కావాలన్నది ఒక్కదానినే. వచ్చినవి రెండు. రెండోదానిని వెనక్కి పంపితే కోసి తుక్కు చేస్తారు. అందుకని అన్నదమ్ములిద్దరూ నంబర్లు లేకుండా వచ్చి, ఎవరు ఎవరో దొర పోల్చుకోలేకుండా చేశారు. చివరకు షెడ్డులోని ఇంజన్లన్నీ కూడబలుక్కుని దొర దగ్గరికి రాయబారం పంపుతాయి. ఆ కథ పేరే 'డెప్యుటేషన్'. మాట్లాడడానికి నిలబడినవాడు ఎవరనుకున్నారు? పదేళ్ళ కిందట సమ్మెను విరగ్గొట్టడానికి వచ్చిన పెర్సీయే. కవలలిద్దరికీ చోటు దొరికింది. తొమ్మిది, పది నంబర్లు వేశారు.

ఈ పదేళ్ళలో ఆడ్రి మారాడా? మారింది ఆడ్రి కాదు. ద్వీపం బయట ప్రపంచం మారింది.

జాతీయం చేసేనాటికి బ్రిటిష్ రైల్వేలకు దాదాపు 20,000 ఆవిరి ఇంజన్లు ఉండేవి. 1955లో 124 కోట్ల పౌన్ల వ్యయంతో ఆధునికీకరణ ప్రణాళిక ప్రకటించారు. ఆవిరి పోవాలి, డీజిలూ విద్యుత్తూ రావాలి. ఇది తప్పని నేను అనను. ఆవిరి ఇంజనును గురించి కన్నీరు కార్చేవాళ్ళలో ఎక్కువమంది దానిని ప్లాట్‌ఫారం మీదినుంచి చూసినవాళ్ళే. మా తాతయ్య, అమ్మ నాన్న, ఒక లోకోషెడ్డులో ఫైర్‌మన్‌గా చేశాడు. వేసవి మధ్యాహ్నం పొయ్యి ముందు నిలబడి పారతో బొగ్గు ఎగవేసిన చేతులవి. మోచేతుల దాకా నిప్పురవ్వల మచ్చలు ఉండేవి. "బండి బొగ్గును తింటుంది, బొగ్గు మనల్ని తింటుంది" అనేవాడు. యుద్ధం తరువాత ఇంగ్లండులోనూ షెడ్డులలో బూడిద తోడి, బాయిలరు కడిగే మసిపనికి మనుషులు దొరకడం కష్టమయింది. యంత్రం మారడం అవసరమే. ఆ మార్పు ఎవరి లెక్క ప్రకారం, ఎవరి నెత్తిమీదుగా జరిగిందనేదే ప్రశ్న.

ఆ లెక్క చూడండి. 'ఈవెనింగ్ స్టార్' అనే ఇంజనును స్విన్డన్ కర్మాగారంలో 1960లో కట్టారు. బ్రిటిష్ రైల్వేలు కట్టించిన ఆవిరి ఇంజన్లలో అదే ఆఖరిది. నిండా ముప్ఫయి, నలభై ఏళ్ళు నడవవలసిన ఆ యంత్రాన్ని 1965లో పనినుంచి తీసేశారు. సరే, పాతరకం కనుక తీసేశారనుకుందాం. అదే స్విన్డన్‌లో 1964, 65లలో చిన్న పనులకని 56 కొత్త డీజిలు ఇంజన్లు కట్టారు. అవి చేయవలసిన పని అప్పటికే మాయమైపోతున్నది. 1969 నాటికి ఆ 56నూ రైల్వేలు వదిలించుకున్నాయి. పాతదానిని పాతదని, కొత్తదానిని పని లేదని తోసేసే ఈ పద్ధతికి హేతువాదమని పేరు పెట్టారు.

ఇంతలో 1963 మార్చి 27న బీచింగ్ నివేదిక వచ్చింది. సుమారు 5,000 మైళ్ళ మార్గాన్నీ, 2,300కు పైగా స్టేషన్లనూ మూసివేయాలని అందులో సిఫారసు. బీచింగ్ ఒక పెద్ద రసాయనాల కంపెనీనుంచి వచ్చినవాడు. ఏటా 24,000 పౌన్ల జీతం, ఆనాటి ప్రధానమంత్రి జీతంకంటె చాలా ఎక్కువ. అతనిని తెచ్చి కూర్చోబెట్టిన రవాణామంత్రి ఎర్నెస్ట్ మార్పుల్స్. ఈ మంత్రి మంత్రి కాకముందు రోడ్లు వేసే ఒక కాంట్రాక్టు కంపెనీ స్థాపకులలో ఒకడు. రోడ్లు వేయించే మనిషి చేత రైళ్ళ ఆయుర్దాయం లెక్క కట్టించడం పిల్లలకు చెప్పవలసిన కథ కాదనుకుంటారేమో. ఆడ్రి చెప్పాడు. 1969 పుస్తకంలో బల్జీ అనే బస్సు వస్తుంది. రైళ్ళు నశించాలని అరుస్తూ వచ్చి, చివరికి కోళ్ళగూడై కూర్చుంటుంది. ఇంగ్లండులో జరిగింది దీనికి తిరగామరగా. బస్సు గెలిచింది, స్టేషను కోళ్ళదొడ్డి అయింది. ఆడ్రి వ్యంగ్యంలో ఉన్నది కడుపుమంట గాని చరిత్ర కాదు.

ఇక మన కథానాయకుడి దగ్గరికి వస్తాను.

1968లో 23వ పుస్తకం వచ్చింది. ఆ సంవత్సరాన్ని గుర్తుంచుకోవాలి. 1968 ఆగస్టు 11న లివర్‌పూల్ నుంచి కార్లయిల్‌కు వెళ్ళి తిరిగివచ్చిన ప్రత్యేక రైలుతో బ్రిటిష్ రైల్వేల ప్రధాన మార్గాల మీద ఆవిరి అంతరించింది. (వేల్స్‌లోని ఒక చిన్నగేజి కొండదారి మీద మాత్రం మూడు బుల్లి ఇంజన్లు మిగిలాయి. వాటిని కూడా రైల్వేలు 1989లో అమ్మేశాయి. మనదేశంలో పెద్దగేజి మీద పొగబండి 1995 దాకా నడిచింది.) ఆ ఏటి పుస్తకంలో 'ఫ్లయింగ్ స్కాట్స్‌మన్' అనే నిజం ఇంజను సోడర్‌కు చుట్టపుచూపుగా వస్తుంది. తన తోబుట్టువులందరూ పోయారని కుమిలిపోతున్న గార్డన్‌ను పలకరించడానికి. పిల్లల పుస్తకం పరామర్శతో మొదలయింది!

అదే పుస్తకంలో 'ఎస్కేప్' అనే కథ ఉంది. డగ్లస్ ఒక రాత్రి గూడ్సుతో ద్వీపం దాటి 'అవతలి రైల్వే'కు వెళతాడు. ఆడ్రి బ్రిటిష్ రైల్వేలను పేరెత్తకుండా అలాగే అంటాడు. అక్కడ చీకట్లో, పక్కపట్టాల మీద, ఒక చిన్న ఇంజను సన్నగా పలకరిస్తుంది. అదే ఆలివర్. వెంట ఇసబెల్ అనే పెట్టె, టోడ్ అనే బ్రేకువాను. తుక్కు కావలసిన వాళ్ళు ముగ్గురూ తప్పించుకుని సోడర్ దారి పట్టారు. దారిలో బొగ్గు అయిపోయింది. కదలలేరు. డగ్లస్ వాళ్ళను లాక్కుపోదామంటాడు. అంతలో అక్కడి అధికారి ఒకడు లాంతరు పట్టుకుని వచ్చి అడ్డుకుంటాడు. ఇంజను, పెట్టె, బ్రేకువాను — ఇవన్నీ తుక్కుసామాను, మా రైల్వేకు తీసుకుపోతున్నామని డగ్లస్, వాడి డ్రైవరు నమ్మిస్తారు. అధికారి అనుమానంగా తిరిగి తిరిగి చూసి, సరేనంటాడు. తెల్లవారేసరికి ముగ్గురూ సోడర్‌లో ఉన్నారు.

ఈ కథలోని కిటుకు ఆలోచించదగింది. ఆలివర్ బతికింది తాను తుక్కు కానని రుజువు చేసుకుని కాదు. తుక్కేనని ఒప్పుకుని. అధికారి చేతి కాగితంలో తుక్కు అనే మాటకు చోటుంది గాని, ప్రాణం అనే మాటకు లేదు. కనుక ప్రాణం ఆ మాట ముసుగు వేసుకుని అతని లాంతరు ముందునుంచే దాటిపోయింది. చట్టం భాషలో చట్టాన్ని మోసం చేయడం — కౌలుదారుకూ తెలుసు, కొలువు పోయినవాడికీ తెలుసు. 1950లో దొరమాట విననివాణ్ణి షెడ్డులో పెట్టించిన రచయితే 1968లో రైల్వే ఆస్తిని రాత్రికి రాత్రి దొంగిలించినవాళ్ళను మెచ్చుకుంటూ కథ రాశాడు. అబద్ధమాడరాదని ఆదివారం ఆదివారం చెప్పే మతాచార్యుడు ఈ అబద్ధానికి పిల్లలచేత చప్పట్లు కొట్టించాడు.

బాల్జాక్ గురించి ఎంగెల్స్ 1888లో ఒక రచయిత్రికి రాసిన ఉత్తరం మన పాఠకులు ఎరిగినదే. రచయిత తన వర్గాభిమానానికి విరుద్ధంగా నడిచేటట్లు వాస్తవికత అతనిని బలవంతపెడుతుందని దాని సారాంశం. ఆడ్రిని బాల్జాక్ పక్కన కూర్చోబెట్టే సాహసం నాకు లేదు. కాని సూత్రం పెద్ద రచయితలకే చెల్లుతుందని ఎవరూ అనలేదు. కళ్ళముందు తాను ప్రేమించినదానిని వేలసంఖ్యలో కోసి పోగులు పెడుతుంటే, ఆజ్ఞ పాలించు అన్న పాత నీతి అతని చేతిలో విరిగిపోయింది.

ఆలివర్ కల్పన అయినా అతని జాతి కల్పన కాదు. గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1932–36 మధ్య స్విన్డన్‌లో కట్టిన 75 చిన్న ఇంజన్ల జాతి అది. కూడి తిరిగే చక్రాలు నాలుగు, వెనక మరి రెండు. పల్లెటూళ్ళ శాఖామార్గాలకోసం చేసినవి. వాటి ప్రత్యేకత ఏమంటే, తిరుగు ప్రయాణంలో ఇంజనును మళ్ళించి ముందుకు తెచ్చే పని లేదు. పెట్టె చివర ఒక చిన్నగది ఉంటుంది. డ్రైవరు అందులో కూర్చుని అక్కడినుంచే నడుపుతాడు. ఫైర్‌మన్ ఒక్కడూ వెనక ఇంజను మీద ఉంటాడు. ఆ కారణంచేతే ఆలివర్‌కు ఇసబెల్ పెట్టెతో విడదీయరాని జంట. శాఖామార్గాలు మూతపడగానే ఈ జాతికి పని పోయింది. వాడు చేసిన తప్పేమిటని మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఇదే జవాబు. పాలబిందెలూ, బడిపిల్లలూ, సంతకు పోయే ఆడవాళ్ళూ — వాళ్ళను మోయడమే తప్పు. ఆ మోతలో లాభం లేదు.

75లో నాలుగే మిగిలాయి. అందులో 1466 నంబరు ఇంజను మిగిలిన తీరు ఆడ్రి కథకంటె బాగుంటుంది. 1961లో లండన్ పడమటి శివారు సౌతాల్‌లో నలుగురు బడిపిల్లలు రైళ్ళు చూస్తూ నిలబడి, ఈ జాతి ఇంజనును ఒక్కదానినైనా కొని దాచాలనుకున్నారు. డబ్బు లేదు, చోటు లేదు. ఒక రైల్వే పత్రికకు ఉత్తరం రాసి చందాలకు దిగారు. 1964లో ఇంజనును కొన్నారు. వాళ్ళు పెట్టిన ఆ చిన్న సంఘమే గ్రేట్ వెస్టర్న్ సొసైటీగా పెరిగి, డిడ్‌కాట్‌లోని పాత షెడ్డులో స్థిరపడింది. అంటే ఆలివర్ పుస్తకంలో తప్పించుకోవడానికి నాలుగేళ్ళు ముందే అసలు ఆలివర్ ఒకటి తప్పించుకున్నదన్నమాట. అక్కడ లావుపాటి దొర ఎవరూ లేడు. నిక్కర్ల జేబుల్లో చిల్లర ఉంది.

దీనికి పక్కన మరొక చిత్రం. దక్షిణ వేల్స్‌లోని బారీ అనే రేవులో వుడ్‌హామ్ సోదరులనే తుక్కువ్యాపారులు దాదాపు మూడువందల ఇంజన్లు కొన్నారు. ఇంజనును కోయడం కష్టం, గూడ్సు పెట్టెలను కోయడం తేలిక. కనుక ముందు పెట్టెలు కానిచ్చి, ఇంజన్లను తరువాత చూసుకుందామని ఉప్పుగాలికి వదిలేశారు. ఆ వాయిదావల్ల 213 బతికి బయటపడ్డాయి. మొదటిది, 43924 నంబరుది, 1968 సెప్టెంబరులో బయటికి వచ్చింది. ఆలివర్ పుస్తకం వచ్చిన ఏడాదే! తుక్కు అన్న పేరు కింద బతకడమనే కిటుకు ఆడ్రి ఊహ అనుకుంటాం. బారీ రేవులో అది గిట్టుబాటు లెక్కలోంచి దానంతటదే పుట్టింది.

ఆలివర్‌కు దొర 11వ నంబరు ఇచ్చి, గ్రేట్ వెస్టర్న్ ఆకుపచ్చరంగు వేయించి, డక్ అనే మరో పడమటి ఇంజనుకు తోడుగా ఒక శాఖామార్గం అప్పగించాడు. ఇక్కడ నాకు కొంత నిరాశ కలుగుతుంది. చీకట్లో సమానుల మధ్య సాయంగా మొదలైన కథ వెలుతురులోకి వచ్చేసరికి మళ్ళీ దొర దయగా ముగిసింది. 1969లో ఆలివర్ పేరుతోనే ఇంకొక పుస్తకం వచ్చింది. అందులో తన సాహసాలు చెప్పుకుని చెప్పుకుని వాడికి గర్వం తలకెక్కుతుంది. చివరకు గూడ్సు పెట్టెలు వెనకనుంచి తోస్తే టర్న్‌టేబుల్ గోతిలో పడతాడు. పాత ఆడ్రి తిరిగివచ్చాడు. అయినా ఒక మాట అతని పక్షాన చెప్పాలి. తప్పించుకున్నవాణ్ణి పుణ్యపురుషుణ్ణి చేసి దండ వేయలేదు. బాధపడ్డవాడు బాధవల్లనే మంచివాడై తీరాలన్న అబద్ధం మన కథల్లో ఎంత పేరుకుపోయిందో చూసినప్పుడు, ఈ గోతిలో పడిన ఆలివర్ నాకు నచ్చుతాడు.

నాకు మింగుడు పడనిది వేరే ఉంది. ఆడ్రి లోకంలో ఇంజనుకు ముఖం ఉంది, పేరు ఉంది, మాట ఉంది. డ్రైవరుకూ ఫైర్‌మన్‌కూ పేరు సాధారణంగా ఉండదు. ఆలివర్ సోడర్ చేరడానికి వాడి సిబ్బంది సాయపడ్డారు, దారి పొడుగునా సిగ్నల్‌మన్లు కళ్ళు కప్పి దారి ఇచ్చారు. వెంటాడుతున్నారని తెలిసినప్పుడు దాచిపెట్టారు. బొగ్గుతో పాటు ధైర్యం కూడా వాళ్ళదే. జాతీయం చేసిన నాడు ఆరు లక్షలకు పైబడిన రైల్వే ఉద్యోగులు 1960ల చివరికి సుమారు సగమయ్యారు. డీజిలుకు ఫైర్‌మన్ అక్కరలేదు. మూసిన మార్గంమీద సిగ్నలు గది ఉండదు. ఇంజన్లకు సోడర్ ఉంది, డిడ్‌కాట్ ఉంది, బారీ కూడా ఉంది. పారపట్టిన మనిషికి ఏ ద్వీపం ఉంది? మా తాతయ్య షెడ్డు మూతపడ్డాక ఆయన పార చాలాకాలం మా పెరట్లో ఉండేది. గేదె కింద పేడ ఎత్తడానికి వాడేవాళ్ళం.

మా అమ్మాయికి ఆలివర్ కథ ఇప్పటికి పదిసార్లయినా చెప్పి ఉంటాను. మొన్న రాత్రి మళ్ళీ చెప్పించుకుంది. ఆలివర్‌కు ఆకుపచ్చరంగు వేసేదాకా విని, నిద్రకళ్ళతో ఒక ప్రశ్న వేసింది. "మరి, దాచిపెట్టారే, ఆ సిగ్నలు తాతయ్యలను వాళ్ళ దొర తిట్టాడా?" తరువాతి పుస్తకాలన్నీ తిరగేశాను. 1972 దాకా వచ్చినవాటిలో వాళ్ళ ఊసు నాకు ఎక్కడా కనపడలేదు. అదే చెప్పాను. అప్పటికే నిద్రపోయింది.